ఇంజను మూత మీద గోనెసంచి

మా మామ మొన్న గురువారం పొద్దున ఎమ్మిగనూరులో చనిపోయాడు. అమ్మకు తమ్ముడు, నాకు మేనమామ. యాభై ఆరేళ్ళు. ఊపిరితిత్తులు పూర్తిగా పాడైపోయాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళలో సగం మంది, "బీడీలు శానా తాగుతాండెనేమోలే" అని గుసగుసలాడుకున్నారు. ఆస్పత్రిలో డాక్టరు కూడా మొదట అడిగింది అదే. మామ జన్మలో బీడీ ముట్టలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నది ముందుగా ఆ సంగతి చెప్పడానికే.

మాది మగ్గాల ఇల్లు. ఇంటిల్లిపాదీ నేస్తుంటే మామ ఒక్కడే డ్రైవింగు నేర్చుకుని, ఒక చీరల షావుకారు దగ్గర వ్యాను నడిపాడు. ఇక్కడి నుంచి ఆదోనికి చీరల మూటలు, ఆదోని నుంచి ఇక్కడికి నూలు. డెబ్బైల్లో పెట్రోలు ధర మండిపోయినప్పుడు షావుకారు ఆ పాత వ్యానులోని పెట్రోలు ఇంజను తీయించి, పాత సామాన్ల అంగడిలో దొరికిన డీజిల్ ఇంజను వేయించాడు.

ఆ ఇంజనంటే మామకు ప్రేమ. కోపంలో ఉన్నా ఆ నిజం దాచను. ఎంత బరువేసినా గుంజుకుపోయేది. ఒక వానాకాలం పెద్దకడుబూరు దగ్గర వంక పొర్లుతుంటే, నొప్పులు పడుతున్న ఒకామెను ఆస్పత్రికి తీసుకుపోతున్న జీపు నీళ్ళ మధ్య ఆగిపోయింది. మామ ఆమెను వ్యానులోకి ఎక్కించుకుని, వంక దాటించి, ఆదోని ఆస్పత్రి గుమ్మంలో దింపాడు.

"పెట్రోలు బండికి నిప్పురవ్వ కావాల. నీళ్ళు తగిల్తే సచ్చి ఊరుకుంటాది. దీనికి రవ్వతో పన్ల్యాదు!" అని వారం రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

రెండో వైపు మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. ఆ వ్యాను చిన్న ఇంజను కోసం తయారైంది. వేసింది పెద్దది, బరువైనది. బ్రేకులు మాత్రం పాతవే. అదురుకు వారం తిరక్కుండా నట్లు ఊడేవి. చలికాలం పొద్దున నలుగురు తోస్తే గానీ బండి కదిలేది కాదు. ఇవన్నీ భరించవచ్చు. ఇంజను ఉండేది ముందు రెండు సీట్ల మధ్య. దాని మీది రేకు మూత ఈ పెద్ద ఇంజనుకు సరిపోలేదు. వేలు దూరేంత సందు మిగిలింది. పొగగొట్టం అతుకు దగ్గర కారే పొగంతా ఆ సందులోంచి మామ మొహానికే కొట్టేది. ఆ మూత మీద తడి గోనెసంచి కప్పేవాడు. ఆదోని చేరేలోగా అది ఆరి, మసిబారి, కమురు వాసన కొట్టేది.

"సావుకారుకు చెప్పినావా?" అని అమ్మ అడిగేది.

"చెప్పినాను లేక్కా. బండి నడుస్తాంది కదా అంటాడు." తర్వాత ఎప్పుడూ అనే మాటే అనేవాడు: "ఇంజనుది తప్పు కాదు. దాన్ని తెచ్చి యాడ పెట్టినారో అది తప్పు."

అట్లా తొమ్మిదేళ్ళు. నా కోపమంతా ఆ తొమ్మిదేళ్ళ మీదే. షావుకారు మీద ఎంత ఉందో మామ మీదా అంతే ఉంది.

నేను ఆదోనిలో డిగ్రీ చదివేటప్పుడు, ఒక పరీక్ష రోజు బస్సు రాక మామ వ్యాను ఎక్కాను. వాన పడుతోంది. అద్దాలు ఎత్తేశాం. సగం దారిలో వాంతి చేసుకుని, కళ్ళు తిరిగి పడిపోయాను. పరీక్ష హాల్లో అక్షరాలు కనపడక తెల్ల కాగితం ఇచ్చి బయటికి వచ్చాను. గేటు దగ్గర మామ తడుస్తూ నిలబడి ఉన్నాడు.

"నాకు అలవాటైపోయినాది పాపా," అన్నాడు. "ఇది ఇసమని మర్సేపోయినా."

మర్నాడు షావుకారుకు ఆదోనిలో పని పడింది. ఎప్పుడూ బస్సులో పోయే మనిషిని మామ తన పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. అద్దాలు ఎత్తాడు. గోనెసంచి తీసి వెనక్కి పారేశాడు. నాలుగు మైళ్ళు పోకముందే షావుకారు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఆపు! ఆపప్పా!" అని అరిచాడు.

"మా పాప ఈడనే పడిపోయినాది. ముందరి ఊరొచ్చే దంకా కూసోండి. నేను తొమ్మిదేళ్ళు కూసున్యా," అన్నాడు మామ.

ముందున్న ఊళ్ళో దిగి, షావుకారు బస్సెక్కాడు. సాయంత్రానికి మామ దగ్గర తాళం చెవి లాక్కున్నాడు. మూత బాగుచేయించాడా? లేదు. నందవరం నుంచి ఇంకో డ్రైవరును తెచ్చి అదే సీట్లో కూర్చోబెట్టాడు.

మామ ఏం చేశాడో తెలుసా? ఆ తర్వాత వచ్చిన శుక్రవారం, వ్యాను నిలిపి ఉన్న చోటికి రేకు, కత్తెర, బోల్టులు పట్టుకుని పోయాడు. ఆ కొత్త డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని సందు మూశాడు, పొగగొట్టం అతుకు వెల్డింగు చేయించాడు. ఒక్క పూట పని.

నేను మండిపడ్డాను. "ఆ పని తొమ్మిదేళ్ళ కిందట నీ కోసం చేసుకుంటే ఏమయ్యేది మామా?"

"బండి సావుకారుది కదా పాపా, ఆయప్ప చెప్పకుండా ఎట్ల ముట్టుకునేది అనుకున్యా," అన్నాడు తల వంచుకుని. "ఇప్పుడు నాకేం బయం? పని పోనే పోయినాది."

ఆ జవాబుకు నాకు ఈ రోజుకీ ఒళ్ళు మండుతుంది. మనిషిలో అంత జంకు పెట్టిందెవరు? పరీక్ష నేను మళ్ళీ రాశాను, ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత పదిహేనేళ్ళు మామ మగ్గం ముందు కూర్చున్నాడు గానీ, దగ్గు ఒక్క చీరనూ సాఫీగా నేయనివ్వలేదు.

గురువారం సాయంత్రం పాడె లేచేటప్పుడు నందవరం డ్రైవరు వచ్చాడు. ఎవరూ కబురు పెట్టలేదు. ముందు కొమ్ము తన భుజానికి ఎత్తుకున్నాడు. వీధి పొడుగునా మిగతా ముగ్గురూ మారారు. ఆయన మారలేదు. మలుపు తిరిగే దాకా చూస్తూ నిలబడ్డాను. ఎత్తు రోడ్డు మీద కూడా ఒక్కసారీ ఆగలేదు, ఒక్కసారీ దగ్గలేదు. నిదానంగా, నిండుగా ఊపిరి తీసుకుంటూ నడిచిపోయాడు.