మా బాబాయి అతివేగం

మా బాబాయి కారు నడిపితే, నడిచి వెళ్ళేవాళ్ళు ఆయన్ని దాటిపోతారు. ఇది కల్పించి చెబుతున్న మాట కాదు. చేతికర్ర పట్టుకుని నడిచే మా వీధి పోస్టుమాస్టరుగారు ఒకసారి కారు పక్కనే వస్తూ, కిటికీలోంచి బాబాయికి తన మోకాళ్ళ నొప్పి సంగతంతా చెప్పి, ఆలస్యమవుతోందని ముందుకు వెళ్ళిపోయారు.

వీధిలో బాబాయికి ‘ఊరేగింపు’ అని పేరు. ఆ పేరు పెట్టింది కూరగాయల బండి అతను. అతను బండి తోసుకుంటూ కారుతో సమానంగా నడుస్తూ, వెనక సీట్లో ఉన్న పిన్నికి టమాటాలు ఏరి ఇచ్చేవాడు. మెత్తబడిందని ఆవిడ తిరిగిచ్చిన కాయ మార్చి మరొకటి ఇచ్చేవాడు. ఈ బేరం జరుగుతున్నంతసేపూ కారు ఆపాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. మా వీధి కుక్క పెద్ద పౌరుషం గలది, ఏ బండి కనపడినా వెంటపడుతుంది. బాబాయి కారు చూసి ఒకరోజు ఎగిరి దూకింది గానీ, పరిగెత్తే పనేమీ లేకపోయేసరికి ముఖం చిన్నబుచ్చుకుని అరుగు కిందికి పోయి పడుకుంది.

నాకేమో కాళ్ళ కింద నిప్పులు పోసినట్టుంటుంది. ఆ కారులో కూర్చున్నప్పుడల్లా దిగి తోద్దామనిపించేది. "కాస్త తొక్కు బాబాయ్" అంటే, "తొక్కుతూనే ఉన్నా కదరా నాన్నా" అనేవాడు. ఆ ముఖంలో ఎంత శాంతం ఉండేదో, నా ఒంట్లో అంత మంట పుట్టేది.

అలాంటి మనిషి కారుని సర్వీసుకి ఇచ్చాడు. రేడియేటర్ పైపు పాతబడిందని షోరూము వాళ్ళు కొత్తది వేసి పంపించారు. ఆ మర్నాడు మధ్యాహ్నం పిన్నిని వెనక కూర్చోబెట్టుకుని చెరువుగట్టు మీదుగా వెళుతుంటే, బానెట్ కిందనుంచి తెల్లటి ఆవిరి లేచి చుట్టూ కమ్ముకుంది. పిన్ని కళ్ళు తెరిచి, "ఏమండీ, మబ్బుల్లోకి వచ్చామా?" అని అడిగిందట. బాబాయి వెంటనే బండి ఆపాడు. ఆయన ఆపినా, ఆపకపోయినా చూసేవాళ్ళకి పెద్ద తేడా తెలియదనుకోండి. కానీ అప్పటికే పైపులో నీళ్ళన్నీ దారి పొడుగునా కారిపోయి, ఇంజను కాలిపోయినంత పనైంది. షోరూము లారీ వచ్చి కారుని కట్టి లాక్కుపోయింది. ఆ కారు తన జన్మలో అంత వేగం చూడటం అదే మొదటిసారి.

రెండు రోజులాగి బాబాయి నన్ను తోడు తీసుకుని షోరూముకి వెళ్ళాడు. సర్వీసు మేనేజరు చిన్నవాడే, మర్యాదస్తుడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మాట మధ్యలో ఆవలింతలు మింగుతున్నాడు. ఇంట్లో నెలల పాప ఉందని, ఇల్లంతా దాని పెత్తనమేనని తనే చెప్పాడు. తరవాత గొంతు సవరించుకుని రిపోర్టు చదివాడు. అతివేగం వల్ల ఇంజను వేడెక్కి పాడైంది, ఇందులో మా బాధ్యత లేదు అని.

నాకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని కుర్చీలోంచి జారాను. కౌంటర్లో అమ్మాయి కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. మేనేజరుకి ఇదంతా ఏమీ అర్థం కాలేదు. ఇంజను కాలి వచ్చిన ప్రతి బండికీ వాళ్ళు రాసే కారణం అదొక్కటే. అప్పటిదాకా దానికి ఎవరూ నవ్వలేదట.

ఈ వార్త వీధిలో తెలిసిన రోజు పండగే పండగ. పోస్టుమాస్టరుగారు కర్ర తాటిస్తూ వచ్చి సాక్ష్యం చెబుతానన్నారు. కూరగాయల అతను, కావాలంటే తన బండీ ఆ కారూ పక్కపక్కన పెట్టి పందెం చూపిస్తానన్నాడు. బాబాయి మాత్రం నవ్వలేదు. ఆయన అలా ముఖం ముడుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు మేనేజరు ఒక మెట్టు దిగాడు. ఖర్చులో సగం కంపెనీ భరిస్తుంది, అతివేగంగా నడిపినట్టు ఒప్పుకుని సంతకం పెడితే చాలన్నాడు. పెట్టేయ్ బాబాయ్, పీడా వదులుతుంది అన్నాను. ఆయన కలం తీసుకుని, కాసేపు దాని వంక చూసి, మూత పెట్టి మళ్ళీ బల్లమీద ఉంచాడు.

బస్సుల వేగం ఆయనకి పడదు కాబట్టి ఇంటికి నడిచే వచ్చాం. దారి పొడుగునా నేను సణుగుతూనే ఉన్నాను. ఊరంతా నవ్వుకునే అబద్ధానికి అంత పంతమేమిటని నిలదీశాను. చెరువు దగ్గరికొచ్చాక ఆగాడు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. అవతలి గట్టు మీద ఎవరో ఆరేసిన దుప్పట్లు నీళ్ళలో తలకిందులుగా ఊగుతున్నాయి.

"మీ పిన్ని ఎక్కిన బస్సు ఒకప్పుడు బోల్తా పడింది, గుర్తుందా?" అన్నాడు.

గుర్తే. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. పిన్నికి నుదుటి మీద బొప్పి కట్టిందంతే.

"బొప్పి తగ్గింది గానీ నిద్ర దూరమైంది. మంచం మీద కళ్ళు మూసుకుంటే చాలు, బస్సు దూసుకుపోతున్నట్టే ఉండేదట. ఉలిక్కిపడి లేచి కూర్చునేది. మందులు వాడాం, ఏమీ లాభం లేదు. ఒకరోజు కార్లో కూర్చోబెట్టి, గేటు దగ్గరనుంచి వీధి చివరిదాకా అంగుళం అంగుళం పోనిచ్చాను. వీధి మలుపు తిరిగేసరికి గురక వినపడింది. ఆ గురక విని నాకెంత సంతోషమైందో చెప్పలేను. కొంచెం వేగం పెంచి చూశాను, లేచింది. తగ్గించాను, పడుకుంది. అప్పటినుంచీ నాది అదే వేగం."

ఆయన మళ్ళీ నడక మొదలుపెట్టాడు.

"ఇప్పుడు వేగంగా నడిపానని నేనే సంతకం పెట్టి వస్తే, నువ్వు నిద్రపోయాక నేను పరుగులు పెట్టించానని మీ పిన్నితో చెప్పినట్టే కదా. ఇంక ఆవిడ నా వెనక కళ్ళు మూస్తుందా? కారు బాగుపడి ఏం లాభం?"

అప్పుడు అర్థమైంది, ఈమధ్య పిన్ని కళ్ళ కింద కనపడుతున్న నల్లటి చారలు ఇంజను మీద బెంగతో వచ్చినవి కావని. కారు వెళ్ళిన దగ్గరనుంచీ ఆవిడ కంటిమీద కునుకు లేదు. ఇన్నాళ్ళూ తొక్కు తొక్కు అని ఆయన ప్రాణం తీసిన నా నోటికి ఆ సాయంత్రం తాళం పడింది.

మర్నాడు బాబాయి మేనేజరుని ఒకే ఒక్క కోరిక కోరాడు. "బాబూ, మీ కారే ఇవ్వండి. నేను నడుపుతాను, మీరు వెనక కూర్చోండి. నాది అతివేగమని అప్పుడూ అనిపిస్తే సంతకం పెడతాను."

పీడా వదులుతుందనే కాబోలు, మేనేజరు ఒప్పుకున్నాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. షోరూము గేటు దాటడానికే మా జీవితంలో చెప్పుకోదగ్గ కాలం పట్టింది. "బండి స్టార్ట్ అయిందా సార్?" అని అతను అడిగాడు. అయిందని బాబాయి చెప్పాడు. ఆ తరవాత వెనకనుంచి మాట లేదు. తిరిగి చూద్దును కదా, మేనేజరు టై ఒక పక్కకి, తల ఒక పక్కకి వాలిపోయి, నోరు కొంచెం తెరిచి, పాపాయిలా నిద్రపోతున్నాడు.

బాబాయి అద్దంలో చూశాడు. షోరూము వైపు తిరగాల్సిన మలుపు వచ్చింది. తిరగలేదు.

"పాపం, అలిసిపోయాడురా," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంకో చుట్టు వేద్దాం."

చెట్ల నీడలు ఒక్కొక్కటే అద్దం మీదికి ఎక్కి, మా ఒళ్ళోంచి పాకుతూ, వెనక అతని ముఖం మీదుగా జారిపోతున్నాయి. ఒక కొట్టుకి బోర్డు రాసే అతను కుంచె ముంచి ఒక అక్షరం మొదలుపెడితే, మేం ఆ కొట్టు దాటేలోగా దానికి తలకట్టు కూడా పెట్టేశాడు. డాబా మీద ఒకావిడ జుట్టు ఆరబెట్టుకుంటోంది, ఆ కొసల్లోంచి రాలే చుక్కలు కూడా నాకు కనపడ్డాయి. పుట్టి పెరిగిన ఊరిని నేను సరిగ్గా చూడటం అదే మొదలు. మధ్యలో షోరూము నుంచి బాబాయికి ఫోన్ వస్తే నేనే తీసి, సారు టెస్ట్ డ్రైవ్‌లో ఉన్నారని గుసగుసగా చెప్పి పెట్టేశాను. నాకు తెలియకుండానే నేనూ ఏ తొందరా లేని మనిషినైపోయాను.

ఎండ పసుపురంగు తిరిగాక అతను కదిలి, "పాప లేచిందా?" అన్నాడు. తరవాత మమ్మల్ని గుర్తుపట్టి, టై సర్దుకుని, సిగ్గుతో కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. షోరూము చేరగానే, ఎవరినీ పిలవకుండా తనే టార్చిలైటు పట్టుకుని బాబాయి కారు బానెట్ ఎత్తాడు. కొత్త పైపుకి వేసిన క్లిప్పు చివరికంటా జారి వేలాడుతోంది. దాని స్క్రూ ఎవరూ ఒక చుట్టు కూడా తిప్పిన పాపాన పోలేదు.

"బిగించకపోవడం మా తప్పు. చూడకుండా రాసింది నేను," అన్నాడు. "మొత్తం మేమే బాగుచేసి ఇస్తాం సార్. క్షమించండి."

"అదంతా సరే బాబూ," అన్నాడు బాబాయి, "నిద్ర బాగా పట్టిందా?"

కారు బాగుపడి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం పిన్ని తలగడ పట్టుకుని వెనక సీటంతా ఆక్రమించి పడుకుంది. నేను ముందు కూర్చోబోతుండగా మేనేజరు గేటు దగ్గర దిగాడు. ఇంజను రోడ్డు మీద ఎలా ఉందో స్వయంగా పరీక్షించాలట. ఎంతో బాధ్యతగా ముందు సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, వీధి మలుపు తిరగకముందే పరీక్ష ముగించి గురక మొదలుపెట్టాడు. వచ్చే ఆదివారాలు కూడా ఈ పరీక్ష తప్పేలా లేదు.

నాకు చోటు లేదు కాబట్టి కారు పక్కన నడుస్తున్నాను. వెనకబడే ప్రమాదం ఎలాగూ లేదు. పిన్ని గురక ఒకటి, మేనేజరు గురక ఒకటి, వాటి కింద మెత్తగా ఇంజను చప్పుడు. ఏదో అందామని కిటికీ దగ్గరికి వంగితే బాబాయి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"చెప్పులు చేత్తో పట్టుకుని నడు నాన్నా," అన్నాడు. "ఆ చప్పుడుకి లేస్తారు."