బాపు ఫొటో ఉన్న అట్ట

బొమ్మలు చూపించి, కింద రాసిన మాట చదివిస్తుంటే మతిమరుపు కొంత నెమ్మదిస్తుందని హనుమకొండ డాక్టరు చెప్పాడు. అవ్వ, అంటే మా అమ్మ, ఐదో తరగతి దాకా చదివింది. ఆ ధైర్యంతో జనగామలో ఒక బొమ్మల పుస్తకం కొన్నాను.

మొదటి రోజే స్ట్రాబెర్రీ దగ్గర పేచీ వచ్చింది. పెద్దవంగరలో నలభై ఏళ్లు మిర్చి పండించిన మనిషి. అక్షరాలు కూడబలుక్కుని చదివి, బొమ్మను గోరుతో గీకి చూసింది.

“పేరు తప్పు రాసిండ్రు. గిది మిరపపండు. గింజలు బయటికొచ్చినయి, గిసొంటి కాయ మార్కెట్ల ఎవ్వడు తీస్కోడు” అని పుస్తకం పక్కకు తోసేసింది.

నాకు నవ్వు రాలేదు. పొద్దంతా బడిలో పిల్లలతో అరిచి ఇంటికొస్తే మళ్లీ ఇదే బడి. ఒళ్లు మండిపోయింది.

సరే, తప్పు పుస్తకానిదే అనుకుని నేనే తయారుచేశాను. పాత పెళ్లిపత్రికల అట్టలపై ఫొటోలు అతికించి, కింద లావు అక్షరాలతో పేర్లు రాశాను. మా బర్రె, సర్వపిండి కాల్చే గిన్నె, తమ్ముడు, నేను, నాలుగేళ్ల కింద పోయిన మా నాన్న, బాపు. బర్రెను చదివింది. గిన్నెను చదివింది. తమ్ముడి పేరూ నా పేరూ చదివింది, ఎవరో పక్కింటివాళ్లవైనట్టు. బాపు అట్ట రాగానే నోరు మూసుకుంది.

మర్నాడూ అంతే. వారం రోజులూ అంతే. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే ఉంది నా పని. కన్నకూతురిని, నన్ను గుర్తుపట్టకపోతే ఎలాగో ఓర్చుకున్నాను. కానీ బాపు వచ్చేదాకా అన్నం ముట్టని మనిషి బాపునే మరిచిపోతే, ఇక మా ఇంటి సంగతులు ఎవరిని అడగాలి?

ఆదివారం నాడు ఓపిక చచ్చిపోయింది. అట్టను ఆమె ముఖం ముందు పెట్టి, పేరు మీద వేలితో టకటకా కొట్టాను.

“చదువు అవ్వా! గింత పెద్దగ రాసిన. ఈయన పేరేంది?”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది. నిజానికి కోపం కన్నా భయమే ఎక్కువ.

“బాపుని గుడ మర్చిపోయినవా?” అని అరిచాను.

ఆమె అట్టను నా చేతిలోంచి తీసుకుంది. నేను వేలు పెట్టిన చోట కొంగుతో తుడిచింది. ఆ కొంగే తల మీదికి లాక్కుని, ఎవరైనా విన్నారేమోనని వాకిలి వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి, ఊరూ పేరూ తెలియని ఆడపిల్లకు బుద్ధి చెబుతున్నట్టు అంది:

“పెనిమిటి పేరు నోటితోని అంటరా బిడ్డా? మీ అవ్వ నీకు గింత గుడ నేర్పలేదా?”