తోటలో ఏరని రాళ్లు

మా ముత్తాతగారు వస్తుంటే బలిఘట్టం దారిలో బళ్లు పక్కకు ఆగేవి. తాతగారి మాటతో రావికమతం దాకా గట్టు తగవులు తీరేవి. ఆ ఇంటి మనవణ్ని నేను. పదిహేనేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఇవాళ మీతో చెబుతున్నాను.

చిన్నప్పుడు పొద్దుగూకే వేళ తాతగారు నన్ను మా మెట్టకు తీసుకెళ్లేవారు. రాళ్ల మీద చెయ్యి పెట్టి చూడమనేవారు. తెల్లరాయి వేడి వేరు, నల్లరాయి వేడి వేరు. ఆ వెచ్చదనం అరచేతికి ఇంకా గుర్తే.

భూములు పోయాక నాకు దొరికిన ఖనిజాల మ్యాపుల ఉద్యోగమూ అలాంటిదే. నేల వదిలే వేడిని ఉపగ్రహం పరారుణ కిరణాల్లో చూస్తుంది. ఒక్కో ఖనిజానిది ఒక్కో తీరు, చిత్రంలో ఒక్కో రంగు. చెట్లు కమ్మిన చోట మాత్రం రంగు తేలదు. అక్కడికి వెళ్లి రాళ్లు ఏరి తేవాలి. అలాంటి చోటు అప్పలనాయుడి జీడితోట.

అతని తండ్రి మా వాకిట్లో నిలబడి మాట్లాడిన మనిషి. భుజాన సంచితో వెళ్లి, లోపలికి రావచ్చా అని ఆ కొడుకును నేను అడగాలి. అడగలేకపోయాను. బద్ధకమా? కాదు. సిగ్గు. దానికి అప్పట్లో పరువు అని పేరు పెట్టుకున్నాను. ఒకప్పటి మా మెట్ట మీదే తెల్లరాళ్లు ఏరి, సంచి మీద నాయుడి తోట సర్వే నంబరు రాసి ఆఫీసుకు పంపేశాను.

మ్యాపులో తోటంతా తెల్లరాయి రంగు పడింది. గని కంపెనీ వాళ్లు వచ్చి, చెట్లు కొట్టిస్తే తవ్వి చూస్తామని, రాయి పడితే కౌలు ఇస్తామని చెప్పారు. నాయుడు నా దగ్గరికి వచ్చాడు.

"బాబుగారూ, ఆకాశంలోంచి సూస్తే మా తోట కింద తెల్లరాయి అగుపడిందంటన్నారు. మరి పైనున్న జీడిపిక్కలు అగుపళ్ళేదేటండీ దానికి?"

"ఉపగ్రహం పొరబడదు నాయుడూ."

"అది కాదండీ. మీరేటంటారో సెప్పండి. మీ ఇంటి మాటైతే సాలు నాకు."

"ఉంది" అన్నాను.

గోతుల్లో ఎర్రమట్టి తప్ప ఏమీ పడలేదు. కంపెనీ వెళ్లిపోయింది. ఇప్పటికీ యలమంచిలి బస్సులో కనిపిస్తే నాయుడు లేచి నాకు సీటు ఇస్తాడు. నేను కూర్చుంటాను. ఎలా కూర్చోగలుగుతున్నాను?

క్షమించమని అడగడం లేదు. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే. కొట్టిన జీడిచెట్లను నాయుడు ఇటుకబట్టీకి కట్టెలుగా అమ్మేశాడు.