ముంబై తోడు కోసం వడ్డాది దాకా

మా స్ఫటికాన్ని న్యూట్రాన్లతో పరీక్షించడానికి ముంబై రియాక్టరులో మాకు వంతు వచ్చింది. వెళ్ళడానికి ఇద్దరికి అనుమతి. రెండోవాళ్ళు ఎవరన్న విషయంలో నాకు సందేహమే లేదు. విశాఖ ల్యాబులో ఆ స్ఫటికాన్ని నాతో కలిసి పెంచిన సత్తిబాబు రావాలి. అతను పోయినేడు పరిశోధన వదిలేసి చోడవరంలో ఇంటరు పిల్లలకు ఫిజిక్సు చెబుతున్నాడు. ఫోనులో అడిగితే నవ్వి తప్పించుకుంటాడని ఆదివారం నేనే బయలుదేరాను.

పొద్దున్నే విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో చోడవరం బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్ సున్నా. చెరకు ట్రాక్టర్ల వెనక నత్తనడక నడిచి రెండు గంటల పైనే పట్టింది. అక్కడి నుంచి అతని ఊరు వడ్డాదికి షేర్ ఆటో, ముప్పై రూపాయలు.

సత్తిబాబు వాళ్ళ బెల్లం వండే చోటే దొరికాడు. పెనంలో పాకం ఉడుకుతుంటే ఆ వాసనకు ప్రాణం లేచొచ్చింది. వండుతున్న అప్పలనరసమ్మ ఆకులో ఇంత వేడి పాకం పెడుతూ నన్ను ఎగాదిగా చూసింది.

“ఎవులు బాబూ ఈ గుంట?”

“మా ల్యాబు మనిషి, పిన్నీ.”

“ఒట్టి లేబు మనిషేనేటి?”

ఇక్కడ గుంటంటే చిన్నపిల్ల. ముప్పై దాటిన గుంటను నేను! కంగారులో నోరు కాల్చుకున్నాను. అయినా ఇంకా ‘మా ల్యాబు’ అంటున్నాడే అని లోపల ఒకటే సంబరం.

చెరకుచేను గట్టు మీద కూర్చుని విషయం చెప్పాను. అతనికి తెలిసిందే గానీ మీ కోసం చెబుతున్నాను, మా స్ఫటికంలో ఒక్కో పరమాణువూ ఒక చిన్న అయస్కాంతం. చల్లబరుస్తూ పోతే ఒకచోట అవన్నీ ఒకటి పైకి, పక్కది కిందికి బుద్ధిగా సర్దుకుంటాయి. ఒకదాని బలాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది కాబట్టి బయట గుండుసూది కూడా అంటుకోదు. లోపలికి దూరి ఆ వరసను చూసి రాగలిగేది న్యూట్రానే. ఆ వరస ఏ ఉష్ణోగ్రత దగ్గర పుడుతుందో తేల్చడానికే మేమిద్దరం ఇన్నేళ్ళు కొట్టుకులాడాం.

“వస్తావా?” అన్నాను.

“కాలేజీలో సెలవివ్వరు.”

“నాలుగు రోజులకా? అబద్ధాలాడకు, సత్తీ.”

చెరకు ముక్క నమిలి పిప్పి ఊసేశాడు. “అక్కడ ఆ మిషిను పక్కన నిలబడ్డానంటే మరి ఎనక్కి రాలేను. ఇప్పుడిప్పుడే మర్సిపోతన్నాను. నన్నొగ్గెయ్,” అన్నాడు.

కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

చోడవరంలో బస్సెక్కిస్తానని నాతో ఆటో ఎక్కాడు. లోపల కిటకిట. నాకు ముందుకు చూసే సీటు, అతనికి నా వెనకే వెనక్కి చూసే సీటు దొరికాయి. వీపుకు వీపు ఆనింది. ఆ వెచ్చదనానికి ఎక్కడలేని ధైర్యం వచ్చి, “నేనొచ్చింది స్ఫటికం కోసం కాదు, నీ కోసం,” అనేశాను.

“ఏటీ? ఇనపడ్నేదు!” అని అరిచాడు.

“ఏం లేదు,” అన్నాను.

వచ్చే నెల వేరే ఎవరితోనో ముంబై వెళతాను. గ్రాఫులో ఆ వరస పుట్టే మలుపు కనబడగానే ముందు సత్తిబాబుకే ఫోను చేస్తాను. ఎగిరి గంతేస్తాడు, నాకు తెలుసు. ఆ గంతు చూడ్డానికి నేను పక్కన ఉండను. అదే బాధ.

ఇటు వచ్చేవాళ్ళకు ఒక్క సలహా. చీకటి పడితే వడ్డాదిలో ఆటోలు తగ్గిపోతాయి, పెందలాడే తిరగండి. ఎవరికైనా ముఖ్యమైన మాట చెప్పేదుంటే ఆటో ఎక్కకముందే చెప్పేయండి. ఆ మోతలో వినబడదు, రెండోసారి చెప్పడానికి నోరు రాదు.