నాలుగు చుట్ల కట్టుతీగ

బండ్లు బాగుచేసే మా మేస్త్రీ పోయిన గురువారం చిత్తూరు పెద్దాసుపత్రిలో కన్నుమూశాడు. టైర్ల అంగడాయన ఫోన్ చేసి, "మేస్తిరి పోయినాడప్పా, మూడింటికి ఎత్తతారు" అని పెట్టేశాడు. వెళ్లాను. పాడె పట్టడానికి రమ్మంటే భుజం నొప్పి అని వెనక్కి తగ్గాను. నొప్పీ లేదు, పాడూ లేదు. ఎందుకు తగ్గానో మీకు చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

పుత్తూరు రోడ్డులో ఆయనది చిన్న రేకుల షెడ్డు. చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ ఉండేది. పెట్రోలు వాసన ఉన్నచోట దాన్ని వెలిగించేవాడు కాదు. రోడ్డు దాటి అవతలి గట్టు మీద కూర్చుని కాల్చుకుని వచ్చేవాడు. బండి ఎవరిదైనా సరే, మూత ఎత్తే ముందు ఒక ప్రశ్న అడిగేవాడు. "ముందు సెప్పప్పా, దీని మింద ఎవురెవురు సెయ్యి పెట్టినారు?" వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదంటారు కదా, ఆయన మూడోవాడిగా తనను కలుపుకున్నాడు. నిజం చెప్పినవాణ్ని ఒక్క మాట అనేవాడు కాదు. ఒకాయన ఇంజన్లో వంటనూనె పోశానని ఒప్పుకుంటే, "బజ్జీలేమన్నా ఎత్తినావా దాంట్లో?" అని నవ్వి పనిలో పడ్డాడు. ఎదుటివాడు ఏం చెబితే అది నమ్మి, దాని మీదే పని మొదలుపెట్టేవాడు.

తొంభైల చివర్లో నేనూ తమ్ముడూ తిరుపతిలో వేలంలో ఒక పికప్ బండి కొన్నాం. ఏదో ప్రాజెక్టు పనికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు వాడి వదిలేసిన పెట్రోలు బండి. మామిడికాయలు తోలుకోవచ్చని మా ఆశ. మామూలు బండ్లలో పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బొరేటరు దానికి లేదు. ఎంత పెట్రోలు కావాలో ఒక కంప్యూటర్ పెట్టె లెక్క చూసుకుని ఇంజన్లోకి చిమ్ముతుంది. ఒక్క వానాకాలానికే ఆ పెట్టె చచ్చింది. మద్రాసులో అడిగితే విదేశాల నుంచి తెప్పించాలన్నారు. ట్రాక్టరుకు కట్టి మేస్త్రీ దగ్గరికి ఈడ్చుకొచ్చాం.

ఆయన రెండు రోజులు దాని చుట్టూ తిరిగాడు. మూడో రోజు, "మెదడు సచ్చింది గానీ గుండె గట్టిగానే ఉండాది. మెదడు లేని మనుషులు తిరగతా లేరా? ఇదీ తిరగతాది" అన్నాడు. తమ్ముడు పగలబడి నవ్వాడు. ఆ బండి మీద నాకంటే వాడికే ప్రాణం.

పాత అంబాసిడర్ కార్బొరేటరు ఒకటి తెచ్చాడు. అది ఈ ఇంజన్ మీద కూర్చోదు. మధ్యలో వేయడానికి అల్యూమినియం బిళ్ల కోయించి, నాలుగు రోజులు తన చేత్తోనే ఆకురాయి పెట్టి అరగదీశాడు. అసలు చిక్కు ట్యాంకులోని పంపుతో వచ్చింది. అది పెట్రోలును చాలా గట్టిగా తోస్తుంది, కార్బొరేటరు ఆ తోపుడుకు తట్టుకోలేదు. "దూడకు పాలు పట్టేదానికి మోటరు పైపు పెడితే ఎట్లప్పా?" అంటూ, కార్బొరేటరుకు ముందు ఒక జాయింటు పెట్టి, అక్కడి నుంచి లావుపాటి పైపు ఒకటి వెనక్కి ట్యాంకులోకి వేశాడు. "తాగినంత తాగి మిగిలింది ఎనక్కి పోవాల. ఈ పైపు జోలికి మాత్రం ఎవురూ పోవద్దు." ఈ మాట మా ఇద్దరికీ విడివిడిగా చెప్పాడు.

బండి నడిచింది. కాణిపాకం తీసుకుపోయి పూజ చేయించి, కాయల సీజన్లో దించాం. ఖాళీగా బాగానే పోయేది గానీ నిండు లోడుతో మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు ఊపిరాడక ఆగిపోయేది. షెడ్డుకు పోతే రెండు రోజులు పోతాయి, కాయ పండిపోతుంది. పెట్రోలంతా వెనక్కి పోతుంటే బండికి బలం యాడ నుంచి వస్తుందని నాకు తోచింది. కటింగ్ ప్లేయరు తీసుకుని ఆ వెనక్కి పోయే పైపుకు కట్టుతీగ నాలుగు చుట్లు బిగించాను. ఆ పూటే బండి ఘాటు ఎక్కేసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. తమ్ముడికి కూడా చెప్పలేదు.

మూడో రోజు మధ్యాహ్నం మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్లు బారులు తీరి ఉన్నాయి. తూకం చీటీ కోసం నేను లోపలికి వెళ్లాను. తమ్ముడు ఇంజన్ ఆపకుండా కాస్త కాస్త ముందుకు జరుపుతున్నాడు. దారి మూసుకుపోయిన పెట్రోలు కార్బొరేటరు మీదుగా పొర్లింది. వాసన వచ్చి వాడు దిగి మూత ఎత్తాడు. భగ్గుమంది. తిరుపతి ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉండి ప్రాణం వదిలాడు. వాడికి ఇరవై నాలుగేళ్లు.

నిప్పంటుకున్న మరుసటి రోజే, వాడింకా ఆసుపత్రిలో మూలుగుతుండగానే, నేను బండి దగ్గరికి వెళ్లాను. పైపు కాలి బూడిదైంది. కట్టుతీగ కాలలేదు. నాలుగు చుట్లూ అలాగే ఉన్నాయి. జేబులో వేసుకుపోయి ఫ్యాక్టరీ వెనక మురిక్కాలవలో పారేశాను. తిరిగి వచ్చేసరికి మేస్త్రీ బండి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఎవురన్నా సెయ్యి పెట్టినారా అప్పా?" అన్నాడు.

"లేదు మేస్తిరీ" అన్నాను.

తల ఊపాడు. మళ్లీ ఎప్పుడూ ఆ ప్రశ్న నన్ను అడగలేదు.

కర్మాంతరం రోజు మా నాయన అందరి ముందూ, "నా కొడుకును నువ్వే సంపినావు" అన్నాడు. మేస్త్రీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆ మాట ఊళ్లు తిరిగింది. షెడ్డుకు బండ్లు రావడం తగ్గి, తర్వాత మొత్తానికే నిలిచిపోయింది. అంత పనివాడు సైకిళ్లకు పంక్చర్లు వేసి బతికాడు. ఏటా తమ్ముడి తద్దినానికి గెల నుంచి కోసిన ఒక అత్తం అరటిపండ్లు తెచ్చి మా వాకిట్లో అరుగు మీద పెట్టి, లోపలికి రాకుండా వెళ్లిపోయేవాడు.

కాలిన కార్బొరేటరును పాతసామాన్ల అంగట్లో వెతికి తెచ్చుకున్నాడు. నేనెప్పుడు వెళ్లినా దాన్ని విప్పి చూపించేవాడు. "పెట్రోలు ఆపే సూది బాగుండాది. తేలే బుడ్డి బాగుండాది. మరి యాడ పొర్లిందప్పా?" నేను టీ తాగి వచ్చేసేవాణ్ని. నాయన ఉన్నన్నాళ్లూ నాయనకు భయపడ్డాను. నాయన పోయాక, ఇంత కాలమయ్యాక ఇప్పుడెందుకులే అనుకున్నాను. పిరికివాడికి సాకులకేం తక్కువ. ఆయన మాకు మేలే చేశాడు. ఆయన పనిలో తప్పు లేదు. తప్పు నాది. ఆయన బతికుండగా అనాల్సిన ఈ నాలుగు మాటలు ఇప్పుడు మీతో అంటున్నాను.

పోయే ముందురోజు ఆసుపత్రిలో ఆయన్ను చూశాను. మాట సన్నబడింది. నన్ను గుర్తుపట్టి దగ్గరికి రమ్మన్నాడు. కప్పుకున్న దుప్పటి మీద వేలితో గీయడం మొదలుపెట్టాడు.

"ఈడ ట్యాంకు. ఈడ పంపు." వేలు మెల్లగా జరిగింది. "ఈడ జాయింటు. ఈడి నుంచి ఎనక్కి..." అక్కడ ఆగింది. "నేను సరిగ్గానే పెట్టినాను గదప్పా?"

"సరిగ్గానే పెట్టినావు మేస్తిరీ" అన్నాను.

"మరి నా కంటికే ఏందో అగపడలా" అన్నాడు. దుప్పటి ముడత సరిచేసుకుని, వేలు మళ్లీ ట్యాంకు దగ్గర పెట్టాడు.