సాయంత్రం ఆరింటి లైను

మా ఇంట్లో రెండు ఫోన్లు, రెండు మతాలు. నాది పోస్ట్‌పెయిడ్. మా ఆవిడది ప్రీపెయిడ్. ముందు వాడుకుని, నెల తిరిగాక బిల్లు కట్టడం మర్యాదస్తుల పద్ధతి అని నా నమ్మకం. మా తాతగారి రోజుల్లో ఏలూరు బట్టల కొట్టువాళ్ళు చీరల మూటలు ఇంటికి పంపేవారు. నచ్చినవి ఉంచుకుని తక్కినవి తిప్పి పంపేవాళ్ళం. కోతలయ్యాక కొట్టు యజమాని తనే వచ్చి, కాఫీ తాగి, అరగంట వానల గురించి మాట్లాడి, లేవబోతూ అప్పుడు బాకీ ఊసెత్తేవాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి. ముందే డబ్బు కట్టించుకుని, ఇరవై ఎనిమిదో రోజు పొద్దున్నే "మీ గడువు ముగిసింది" అని చెప్పే కంపెనీతో నాకెలా పొసగుతుంది?

"గడువు ముగిసిందని మనిషితో అనొచ్చా?" అన్నాను ఒకసారి.

"మనిషితో అనలేదండీ, సిమ్ముతో అన్నారు," అంది మా ఆవిడ. ఆవిడ లెక్కల టీచరు. "ఇరవై ఎనిమిది రోజులకో నెల పెట్టి ఏడాదికి పదమూడు నెలలు చేశారు చూడండి, ఆ తెలివికి నాకు కోపం. అయినా నచ్చకపోతే ఇరవై తొమ్మిదో రోజు ఇంకో కంపెనీకి పోతాను. మీరు పోగలరా?"

పోగలను. పోను. అది వేరే సంగతి.

మేం ఉండేది ఏలూరు పవర్‌పేటలో, ఒక మేడ మీద రెండు గదుల అద్దె వాటాలో. నేను ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. పెన్షన్ లేదు. మా ఆవిడ చాలా ఏళ్ళు రోజూ రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కడొక స్కూల్లో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పింది. మోకాళ్ళు మొండికేశాక మానేసింది. పిల్లల తల్లిదండ్రులు మాత్రం ఆవిణ్ణి మాననివ్వలేదు. దాంతో సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా వీడియోలో ట్యూషన్ మొదలైంది. ఆరుగురు పిల్లలు. దాచి లాభం లేదు కనుక చెబుతున్నాను, మా ఇంటి అద్దె, పాలు, మందులు అన్నీ ఆ ఆరుగురి మీదే నడుస్తున్నాయి.

మా గదుల్లోకి ఫోను సిగ్నలు సరిగా రాదు. ఆవిడ ఒక చేత్తో ఫోనుని కిటికీ ఊచలకి ఆనించి పట్టుకుని, ఇంకో చేత్తో బోర్డు మీద బీజగణితం రాస్తూ ఒక నెల నెట్టుకొచ్చింది. ఇక ఇంటికి వైరు లైను పెట్టించక తప్పదనుకున్నాం.

మా వీధికి లైను ఇచ్చేవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు టీవీ, నెట్టు కలిపి రెండేళ్ళ అగ్రిమెంటు మీద ఇస్తారు. పెట్టె ఉచితం, బిగించడం ఉచితం, నెలకి కట్టేది తక్కువ. మధ్యలో మానేస్తే మిగిలిన నెలల డబ్బంతా కట్టాలి. రెండోవారికి అగ్రిమెంటు లేదు. పెట్టె మనమే కొనుక్కోవాలి, నెలకి కొంచెం ఎక్కువ, ఏ నెల వద్దంటే ఆ నెలతో సరి. మా ఆవిడ పాత క్యాలెండరు కాగితం వెనక నిలువుగా గీత గీసి రెండిటినీ అటూ ఇటూ రాసింది. కూడికలన్నీ రెండేళ్ళ అగ్రిమెంటు వైపే మొగ్గాయి.

"అయినా నెలవారీదే తీసుకుందామండీ," అంది.

"లెక్కల టీచరువి, లెక్క అటు మొగ్గితే నువ్వు ఇటు మొగ్గుతావేం?"

"నెల నెలా మన దగ్గర్నుంచి డబ్బు రావాలనుకునేవాళ్ళు నెల నెలా మర్యాదగా ఉంటారండీ. రెండేళ్ళకి కట్టేసుకున్నవాళ్ళకి ఆ అవసరమేముంది? దాన్ని ఎన్ని రూపాయలని వెయ్యను ఇక్కడ?"

నాకు ఆ మాట నచ్చలేదు. మర్యాదనేది మనిషిని బట్టి ఉంటుంది కానీ గడువుని బట్టి ఉంటుందా?

ఆవిడ మోకాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు పొద్దున్న పదకొండింటికి, రెండేళ్ళవాళ్ళ మనిషి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. గుమ్మం బయటే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబుగారండీ, మాది మీ ఊరేనండి. మా తాత మీ లోగిట్లోనే పెరిగాడండి. తమరు ఇక్కడున్నారని ఇవాళే తెలిసిందండి."

నా వీపు దానంతట అదే నిటారుగా అయింది. కూర్చోమన్నాను. అతను లోపల లైను కలిపి, ఫోనులో వేగం కొలిచి చూపించాడు. ముల్లు ఆ చివరికంటా పరుగెత్తింది.

"నెలవారీ ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారట కదయ్యా?" అన్నాను.

"అది హాస్టలు పిల్లలకీ అద్దెకుండేవాళ్ళకీనండి. తమలాంటి వారికి రెండేళ్ళదే శోభండి."

అద్దె గదిలో కూర్చుని ఆ మాటకి నేను గంభీరంగా తలాడించాను. అతను కాగితం తీసి నా ముందు పెట్టాడు. నేను కలం అడిగి, తాతగారి నుంచి వచ్చిన పొడుగు తోకతో సంతకం పెట్టాను.

మా ఆవిడ వచ్చి పెట్టెలో మెరుస్తున్న పచ్చ దీపం చూసింది.

"కాగితం చదివారా?"

"మనిషి ఎదురుగా ఉన్నాడు," అన్నాను.

మా ఇంటి ఆచారం ఆవిడకి తెలుసు. కాగితం తెచ్చిన మనిషి ఎదుట మేం కాగితం చదవం. చదివితే అతన్ని దొంగ అన్నట్టే. మొహం చూడాలి, కలం అడగాలి, సంతకం పెట్టాలి. అతను వెళ్ళాక తీరిగ్గా చదువుకోవచ్చు. కానీ సంతకం అయిపోయాక ఇంక చదవడం దేనికని మా పెద్దలెవరూ చదివినట్టు లేదు. కొల్లేటి అంచున మా భూమిని చేపల చెరువులకి లీజుకిచ్చిన కాగితాలు నా దగ్గరున్నాయి. వాటి మీద తాతగారి సంతకాలు ఎంత అందంగా ఉంటాయో! ఒక్కో సంతకానికి కొంత చొప్పున భూమి వెళ్ళింది. కొన్ని లీజులకి ముగింపు తేదీయే లేదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మర్నాడు మా బావమరిది వచ్చాడు. గుండుగొలను అవతల చెరువులు చేస్తాడు. వాటిలో ఒకటి ఒకప్పటి మా పొలం. ఇప్పుడు దాని లీజు ఎవరికో కడతాడు కానీ నా ఎదుట మాత్రం "మీ చెరువు" అనే అంటాడు. అది గౌరవమో ఎత్తిపొడుపో ఇంతవరకు తేల్చుకోలేకపోయాను.

"లైను ఎప్పుడు చూశారు బావగారూ?" అన్నాడు పచ్చ దీపం కేసి చూస్తూ.

"నిన్న పదకొండింటికి. దివ్యంగా ఉంది."

అతను నవ్వాపుకోలేక మూతి తుడుచుకున్నాడు. "ఎండెక్కాక ఏ చెరువైనా దివ్యంగానే ఉంటుందండి. మేం లీజు మాట్లాడేముందు తెల్లారకుండా వెళ్ళి గట్టు మీద నిలబడతాం. నీళ్ళలో గాలి తక్కువైతే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. చెరువు సంగతి అప్పుడు తెలుస్తుంది. మీ లైనుని సాయంత్రం ఆరింటికి చూడాలండి, ఊరంతా ఇంటికొచ్చి టీవీలు పెట్టుకున్నాక."

"నీకూ నీ చేపలకీ దణ్ణం," అన్నాను.

దసరా సెలవులు అయ్యేదాకా బాగానే నడిచింది. ఆ తర్వాత, ఊళ్ళకి వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చాక, మొదలైంది. పొద్దుటి నుంచి గుర్రంలా పరుగెత్తే లైను సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి మోకాళ్ళ మీద కూలబడేది. తెర మీద పిల్లలు నోళ్ళు తెరిచినవాళ్ళు తెరిచినట్టే ఆగిపోయేవారు. బావమరిది చెప్పిన చేపలు గుర్తొచ్చినా పైకి అనలేదు. ఆవిడ "ఎక్స్ విలువ ఎంత?" అని అడిగితే, జవాబు నాలుగు నిమిషాలకి, ఆవిడ వేరే లెక్కలో ఉండగా వచ్చేది. నెల తిరిగేసరికి ఒక తండ్రి ఫోను చేసి, తమ పిల్లని వేరే చోట చేర్చామని చాలా మర్యాదగా చెప్పాడు. మరో వారానికి ఇంకొకరు. ఆరుగురు నలుగురయ్యారు.

"హాఫ్ ఇయర్లీ పరీక్షలు వస్తున్నాయి," అంది మా ఆవిడ ఆ రోజు బోర్డు తుడుస్తూ. "ఈ నలుగురిలో ఇంకొక్కరు పోయినా ఆపేస్తానండీ. సగం వినబడే చదువు చెప్పి డబ్బు తీసుకోలేను."

ఆ మాట కోపంగా అని ఉంటే నేనూ ఏదో అనేవాణ్ణి. మామూలుగా అంది. ఆవిడకి తెలిసిన పని అదొక్కటే, ఇష్టమైన పనీ అదే.

"మానేసి నెలవారీ లైను పెట్టించుకోండి బావగారూ," అన్నాడు ఫోనులో బావమరిది.

"సంతకం పెట్టాను. మా ఇంట్లో సంతకం వెనక్కి తీసుకోవడం లేదు."

"భూమిని కూడా వెనక్కి తీసుకోలేదుగా!" అనేసి, వెంటనే, "తప్పైపోయిందండి, మా అక్కకి చెప్పకండి," అన్నాడు. ఫోను స్పీకరులో ఉంది. అక్క పక్కనే ఉంది.

"తప్పేం లేదురా," అంది అక్క.

ఆ మధ్యాహ్నం ట్రంకు పెట్టె అడుగున ఉన్న అగ్రిమెంటు కాగితం తీశాను. వెనక వైపు ఆవగింజంత ఇంగ్లీషు అక్షరాలు. జీవితమంతా ఊరందరి పుస్తకాలకీ అట్టలు వేసి, నంబర్లు రాసి, వరసలు పేర్చినవాణ్ణి. సొంత కాగితం చదవడానికి భూతద్దం అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది. పధ్నాలుగో షరతు దగ్గర ఆగాను. నెల రోజుల్లో మూడుసార్లు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా లోపం సవరించకపోతే, చందాదారు మిగిలిన నెలల డబ్బు కట్టకుండా మానుకోవచ్చు.

మూడు ఫిర్యాదులు! మా అరుగు మీదికి ఊళ్ళోవాళ్ళు అర్జీలు పట్టుకొచ్చేవారు. రాసిచ్చినవాడు మాత్రం మా వంశంలో ఎవడూ లేడు. మొదటి ఫిర్యాదు ఒక పేజీ నిండా రాశాను. మా ఇంటికి మాటంటే ఎంత విలువో, ఆ విలువకి భంగం ఎలా కలుగుతోందో వివరించి, వాళ్ళ ఆఫీసులో ఎనిమిదిమంది వెనక లైనులో నిలబడ్డాను. కౌంటరులోని అమ్మాయి పేజీ తిప్పి చూసింది.

"నెట్టు రావట్లేదాండీ?"

"సారాంశం అదే."

"అయితే కస్టమర్ నంబరు వేసి, నెట్టు రావట్లేదు అని రాయండి సార్, చాలు."

రెండోది రెండు లైన్లలో రాశాను. మూడోది ఒక లైనులో. మూడింటి మీదా ముద్ర వేయించుకున్నాను. ఒకసారి ఎవరో వచ్చి వైరు పీకి మళ్ళీ పెట్టి వెళ్ళారు. సాయంత్రం ఆరింటికి పిల్లలు యథాప్రకారం ఆగిపోయారు. ఇక లైను మానేస్తున్నానని ఆఫీసులో చెప్పి వచ్చాను.

నెల చివర, లైను పెట్టిన ఆ పాత మనిషే మళ్ళీ వచ్చాడు. చెప్పులు విడిచాడు, చేతులు కట్టుకున్నాడు.

"బాబుగారండీ, మానేస్తానన్నారటండి. రెండేళ్ళ సంతకం ఉందండి. మిగిలిన నెలలవి కట్టాలంటున్నారండి ఆఫీసులో. తమరికి నేను చెప్పాలాండీ?"

పక్క గదిలో మా ఆవిడ రాయడం ఆపింది. సుద్దముక్క చప్పుడు ఆగడం నాకు వినబడింది.

నేను కాగితం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, భూతద్దం పట్టుకుని, అతని ఎదుట చదవడం మొదలుపెట్టాను. చెవులు వేడెక్కాయి. తల ఎత్తి అతని మొహం చూసే ధైర్యం లేకపోయింది. ఒక్కో షరతూ ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబుతూ పోయాను. మూడో షరతు దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది. వెళ్ళిపోతున్నాడనుకున్నాను. చూస్తే కుర్చీ నా దగ్గరికి లాక్కుని, మెడ చాచి కాగితంలోకి చూస్తున్నాడు.

"ఇన్ని సంగతులున్నాయాండీ ఇందులో? వీధులకి వీధులు సంతకాలు పెట్టించానండి. చదివి చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరండి. మమ్మల్ని పదండి పదండి అంటారు గానీ, చదవనివ్వరండి."

పధ్నాలుగోది రెండుసార్లు చదివించుకున్నాడు. ముద్రలున్న మూడు ఫిర్యాదులూ చూశాడు.

"అయితే తమరు కట్టక్కర్లేదండి," అన్నాడు నాకంటే ముందు. కాగితం తన వైపు తిప్పుకుని, "మా జీతాలు ఏ తారీఖుకి ఇవ్వాలో ఇందులో ఎక్కడైనా రాశారేమో చూద్దురూ," అన్నాడు.

రాయలేదు. ఇద్దరం వెతికాం. మా ఆవిడ కాఫీలు తెచ్చింది. పోతూ పోతూ పచ్చ దీపం పెట్టెని గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళాడు. అనుమానించినందుకు అతని మొహంలో బాధేమైనా కనిపిస్తుందేమో అని మెట్లు దిగేదాకా చూశాను. జీతం సంగతే ఆలోచిస్తున్నట్టున్నాడు.

నెలవారీ లైనువాణ్ణి సాయంత్రం ఆరింటికే రమ్మన్నాను. "ఈ టైముకి రమ్మన్నవాళ్ళు మీరొక్కరేనండి," అని సణుక్కుంటూ వచ్చి, ముల్లు చూపించాడు. పరుగెత్తలేదు. సగం దాకా నడిచి, అక్కడ స్థిరంగా నిలబడింది. చాలు. పెట్టె కొన్నాం. కళ్ళజోడు పెట్టుకుని కాగితం ఇమ్మన్నాను.

"కాగితం ఏంటండి? ఏమీ లేదండి. డబ్బు కట్టిన నెల వస్తుంది, కట్టని నెల రాదు."

"సంతకం?"

"అక్కర్లేదండి."

కొంచెం చిన్నబుచ్చుకున్నాననే చెప్పాలి.

మర్నాడు సాయంత్రం మా ఆవిడ క్లాసు మొదలుపెట్టింది. నలుగురూ వచ్చారు. నేను గుమ్మం పక్కన, తెరలో కనిపించకుండా కూర్చున్నాను. ఆరు దాటింది. వీధిలో అన్ని ఇళ్ళ టీవీలూ మోగుతున్నాయి. పిల్లలు కదులుతున్నారు, తల గోక్కుంటున్నారు, ఒకడు దొంగచాటుగా ఏదో నములుతున్నాడు. మా ఆవిడ తాడేపల్లిగూడెం పిల్ల ఒకదాన్ని పేరు పెట్టి పిలిచి, ఎక్స్ విలువ అడిగింది.

తెర మీద ఆ పిల్ల కదల్లేదు. కళ్ళు పైకి, నోరు కొంచెం తెరిచి, అలాగే ఉండిపోయింది. ఒకటి, రెండు, మూడు, నేను లెక్కపెడుతున్నాను. మా ఆవిడ సుద్దముక్క గట్టిగా పట్టుకుని నా కేసి చూసింది. నేను పెట్టె కేసి చూశాను.

"ఏమ్మా, ఉన్నావా? వినబడుతోందా?"

"ఉన్నాను మేడమ్," అంది ఆ పిల్ల విసుగ్గా. "ఆలోచిస్తున్నాను, ఉండండి."

ఉండమంది కదా, మా ఆవిడ ఉంది. అంత సంతోషంగా ఆవిడ ఎవరి జవాబు కోసమూ ఎదురుచూడగా నేను చూడలేదు.