అంటుకోని పెనం

మొన్న శుక్రవారం ఇక్కడ సౌదీలో, ఖతీఫ్ బజారులో ఒక గిన్నెల దుకాణంలో అరగంట నిలబడ్డాను. వచ్చే నెల చుట్టీ పెట్టి ఇంటికి పోతున్నాను. మా అమ్మాయి ఈమధ్య ఇంట్లో కేకులు చేయడం మొదలుపెట్టింది, గిన్నెలు ఇక్కడి నుంచే తెమ్మంది. ఫోనులో చూపిస్తుంటే, "బాపూ, ఆ నల్లయి తీస్కో. బోర్లిస్తే సాలు, కేకు ఊడొస్తది," అంది. దుకాణంలోని బంగ్లాదేశీ కూడా "నాన్‌స్టిక్ హై భాయ్" అని మూడుసార్లు చెప్పాడు. కేకుకు అవి పనికొస్తాయని నాకూ తెలుసు. ఓవెన్‌లో మరీ అంత వేడి ఉండదు. అయినా వాటి మీదికి చెయ్యి పోలేదు. మామూలు అల్యూమినియం గిన్నెలు రెండు, అడుగున పరిచే బటర్ పేపర్ చుట్ట ఒకటి తీసుకుని బయటపడ్డాను. వారమంతా ఏసీలు విప్పడానికి నిచ్చెనలెక్కిన కాళ్లు పీకుతున్నాయి, వాదించే ఓపిక లేదు.

నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఒక గదిలో ఐదుగురం ఉండేవాళ్లం. వంట వంతులవారీగా చేసుకునేవాళ్లం కానీ, గిన్నెలు తోమే వంతు వచ్చిన రోజు ఎవరికో ఒకరికి నడుం పట్టేసేది. ఎక్కువసార్లు నాకే పట్టేసేది. అందుకే ఒకసారి జీతం రాగానే నాన్‌స్టిక్ పెనం కొనుక్కొచ్చి, ఇక మన కష్టాలు తీరాయని ప్రకటించాను. దాన్ని స్టీలు గరిటెతో గోకకూడదని ఎవరికీ తెలియదు. ఆర్నెల్లకు నల్ల పొర లేచింది. ఉప్మాలో నల్లగా తగిలినవి ఆవాలే అనుకుని తిన్నాం.

మా ఐదుగురిలో పెద్దవాడు కడప నుంచి వచ్చిన డ్రైవరు. అందరం చాచా అనేవాళ్లం. ఆయనను పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, కఫీల్, ఇంటి పిల్లలు మోజు తీరిపోయిన లవ్‌బర్డ్స్ జంటను పంజరంతో సహా ఆయనకిచ్చేశారు. ఒకటి పచ్చది, ఒకటి పసుపుది. గదిలో ఏసీకి వణుకుతున్నాయని, బయట ఎండకు ఉండలేవని పంజరాన్ని వంటగది కిటికీ దగ్గర వేలాడదీశాడు. తెల్లారకముందే అవి గోల మొదలుపెట్టేవి. అవి తినే కొర్రల పొట్టు చట్నీలో పడుతోందని నేను సణిగితే, "నువ్వు పెట్టే గురక కంటే నయమేలే అబ్బయ్యా," అనేవాడు. అప్పటికి ఆయన ఇంటికి పోక నాలుగేళ్లయింది. డ్యూటీ నుంచి రాగానే మాతో మాట్లాడకముందే పంజరం దగ్గరికి పోయి, ఆ రోజు ఎక్కడెక్కడ బండి తిప్పాడో ఉర్దూలో వాటికి చెప్పేవాడు.

ఒకరోజు నేను వరసగా రెండు షిఫ్టులు చేసి మధ్యాహ్నానికి గదికొచ్చాను. మిగతావాళ్లు పనిలో ఉన్నారు. బయట ఇసుక గాలి, కిటికీలన్నీ మూసేసి ఉన్నాయి. గుడ్డు వేసుకుందామని ఆ నాన్‌స్టిక్ పెనమే పొయ్యి మీద పెట్టి, అది కాగేలోగా బూట్లు విప్పుకుందామని మంచం మీద కూర్చున్నాను. కూర్చున్నంతవరకే గుర్తుంది. దగ్గుతో మెలకువ వచ్చింది. గొంతులో ఏదో గీరుతున్నట్టు ఘాటు. వంటగదిలోకి పరుగెత్తి గ్యాసు కట్టేసి కిటికీ తెరిచాను. పంజరం అడుగున రెండూ పక్కపక్కనే పడి ఉన్నాయి.

చాచా వచ్చేదాకా రెండు గంటలు అలాగే కూర్చున్నాను. ఉక్కకు పోయాయని చెప్పొచ్చు, నమ్ముతాడు. తలుపు తీసుకుని ఆయన లోపలికి రాగానే మాత్రం నోటికి నిజమే వచ్చింది.

"పెనం పొయ్యి మీద పెట్టి నిద్రవోయిన చాచా. పిట్టలు సచ్చిపోయినయి."

ఆయన వంటగదిలోకి వెళ్లాడు. తిరిగొచ్చి నా ముఖంలోకి చూసి, నుదుటి మీద చెయ్యి పెట్టాడు. "జరం కాలిపోతాంది గదరా నీకు. లెయ్, డాక్టరు కాడికి పోదాం."

క్లినిక్‌లో మలయాళీ డాక్టరు అంతా విని, ఖాళీ నాన్‌స్టిక్ పెనం మితిమీరి కాగితే వచ్చే పొగ పిట్టల ప్రాణం తీస్తుందని, మనిషికి ఇలా జ్వరం తెప్పిస్తుందని చెప్పాడు. రెండు రోజుల్లో తగ్గింది. ఆ రెండు రోజులూ చాచాయే గంజి కాచి ఇచ్చాడు. పిట్టలను ఆయన ఎక్కడ పూడ్చాడో మాకు చెప్పలేదు, మేం అడగలేదు. పంజరం కడిగి ఎవరికో ఇచ్చేశాడు. ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత నెలరోజులు వంటగదిలోకి రాలేదు. పళ్లెం తీసుకుని బయట మెట్ల మీద కూర్చుని తినేవాడు. తిట్టి ఉంటే బాగుండేదని అప్పుడు చాలాసార్లు అనిపించింది.

ఒక సాయంత్రం దళసరి ఇనుప పెనం, స్టీలు మూకుడు తెచ్చి నా ముందు పెట్టాడు. పెనాన్ని నూనె రాసి ఎలా కాచాలో, మూకుడులో నీటిచుక్క వేసి వేడి ఎలా చూడాలో దగ్గరుండి నేర్పాడు. నా మొదటి గుడ్డు సగం పెనానికే అంటుకుంది.

"అంటుకుంటే గీక్కుందాంలే," అన్నాడు. ఆ రోజు పళ్లెం పట్టుకుని లోపలే కూర్చున్నాడు.

ఆయన ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా ఊరికి వెళ్లిపోయి ఏళ్లు గడిచాయి. అప్పటి ఆయన వయసు ఇప్పుడు నాది. అంత తేలిగ్గా ఎలా క్షమించాడా అని చాలాకాలం ఆశ్చర్యపోయాను. అది తేలికేమీ కాదని, ఆయనకు పూర్తిగా నెలరోజులు పట్టిందని అర్థం కావడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.